సూరత్‌లో రెండో రన్‌వే

సూరత్‌లో విమానం దిగడానికి ఉన్న రన్‌వే ఒక్కటే. నేను కిటికీలోంచి రెండు చూశాను. నా కోపం అక్కడ మొదలైంది. ఇంటికొచ్చి పది రోజులైనా ఇంకా దిగలేదు. గిన్నె చప్పుడైనా అరుస్తున్నానని మా ఆవిడ "అదేదో కాయితం మీద అరవండి, మాకు కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అంది. అందుకని కూచుని రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. పేరు సత్యనారాయణ. గోదావరి పక్కన ఓ చిన్న విమానాశ్రయంలో ముప్పై ఏళ్ళు రన్‌వే దీపాలు చూసుకున్న ఎలక్ట్రీషియన్ని. మొదట్లో అడ్డంగా ఆకుపచ్చ దీపాలు, అటూ ఇటూ అరవై మీటర్లకొకటి చొప్పున తెల్లవి, చివర ఎర్రవి. మసక వేళ పైలట్‌కి కనపడేది అదే. వరసలో ఒక్క దీపం వంకరపోతే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

మా అక్క కొడుకు సూరిబాబు చదువబ్బక నాలుగేళ్ళు నా దగ్గరే పనిచేశాడు. తాడు పట్టి కొలవడం, వైరు మీద నీళ్ళు దిగకుండా సీలు వెయ్యడం అన్నీ నేనే నేర్పాను. తర్వాత రొయ్యల చెరువుల్లోకి పోయాడు. మన గోదావరి కుర్రాళ్ళు లేని రొయ్యల చెరువు ఈ దేశంలో ఉందా చెప్పండి! అలా తిరిగి తిరిగి సూరత్‌లో ఓ సేఠ్ గారి చెరువులకి టెక్నీషియన్ అయ్యాడు.

వాడే ఫోన్ చేశాడు. "మావయ్యా, ఇక్కడ గట్ల మీద దీపాలు పెట్టాను. నువ్వు చూడాలి. విమానంలో ఎడమవైపు కిటికీ తీసుకో, పైనుంచే కనపడతాయి."

వాడి భార్య పద్మ, మూడు నెలల పాప పుట్టింటి నుంచి అదే వారం బయల్దేరుతున్నారు. అందరం కలిసి వెళ్దామనుకున్నాం. పద్మ వాళ్ళమ్మ పడనివ్వలేదు. "మంగళవారం చంటిపిల్లని గడప దాటిస్తారా? ఇంకా నయం!" అంది. నా టిక్కెట్టు అప్పటికే మంగళవారానికి కొనేశాను. వాళ్ళిద్దరూ, తోడుగా పద్మ వాళ్ళమ్మా బుధవారం, అదే హైదరాబాద్ విమానానికి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మంగళవారం, ఆకాశంలో

సాయంత్రం ఆరున్నర దాటింది. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు, కిందంతా తడి పొగలా ఉంది. నా పక్కన కూచున్న సూరత్ వజ్రాల వ్యాపారి డబ్బా తీసి ఖాక్రా ముక్కొకటి నా చేతిలో పెట్టాడు. మన అప్పడానికి పెద్దన్నలా ఉంది గానీ మెంతి వాసన బాగుంది. నములుతూ కిటికీలోంచి చూశాను.

విమానం వంపు తిరుగుతోంది. కింద తెల్లటి దీపాల వరసలు రెండు, మధ్యలో నల్లగా మెరుస్తూ దారి, మొదట్లో ఆకుపచ్చ. ఆహా, రన్‌వే అనుకున్నాను. దానికి అవతల, కాస్త దూరంలో, మళ్ళీ రెండు వరసలు, మళ్ళీ ఆకుపచ్చ. పక్కపక్కన సరిసమానంగా రెండు రన్‌వేలు!

నోట్లో ఖాక్రా అలాగే ఉండిపోయింది. పెద్ద ఊళ్ళల్లో పక్కపక్కన రెండు ఉంటాయి, ఒకదానికి బదులు ఇంకోదానికి సూటి పెట్టకుండా పైలట్లు, టవర్ వాళ్ళు పది జాగర్తలు పడతారు. ఒక్కటే ఉన్న ఊళ్ళో ఆ జాగర్త ఎవరు పడతారు? ఏది ముందు కనపడితే అదే అనుకుంటారు.

విమానం సూటయింది. కిందికి దిగుతోంది. అప్పుడు నడవకి అవతల, కుడివైపు కిటికీలో దీపాల వరస, దాని పక్కనే విమానాశ్రయం టవర్ కనపడ్డాయి. రన్‌వే మీదికి దిగే విమానంలో రన్‌వే దీపాలు పక్క కిటికీలో దూరంగా, పొడుగునా కనపడకూడదండీ. అది మన కిందుండాలి. "అటు కాదు! అటు కాదు!" అని తెలుగులో అరిచాను. వజ్రాలాయన నా చెయ్యి పట్టుకుని, భయపడకండి అంకుల్, అందరికీ మొదటిసారి ఇలాగే ఉంటుంది అన్నాడు. మొదటిసారి, నా బొంద!

అంతలో ఇంజన్లు గాండ్రించాయి, ముక్కు పైకి లేచింది, దిగబోయే విమానం మళ్ళీ ఎగిరింది. పైలట్ చూసుకున్నాడో, టవర్ చెప్పిందో, కాక్‌పిట్‌లో ఏం జరిగిందో నాకు తెలీదు. ఎవరు చూసుకుంటే వాళ్ళ కాళ్ళకి దణ్ణం. ఇరవై నిమిషాలు చుట్టు తిరిగి సరైన చోట దింపారు. జనం చప్పట్లు కొట్టారు. చక్రాలు ఆగకముందే లేచి సంచులు లాక్కోవడం మొదలెట్టారు. ఆలస్యమైందని ఒకాయన ఎయిర్‌హోస్టెస్‌ని దులిపేస్తున్నాడు. బతికించినందుకు ఆవిడ ఆయనకి క్షమాపణ చెప్పుకుంటోంది, ఖర్మ!

బయట సూరిబాబు కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా మావయ్యా? నా దీపాలు చూశావా?"

నేను సంచి కింద పడేశాను. అప్పటిదాకా అవి ఎవరివో నాకు తట్టలేదండీ, ఒట్టు.

"ఒరే దరిద్రుడా, అవి నీవేనా?" అని తిట్లందుకున్నాను. ఏం తిట్టానో అచ్చులో రాయలేను. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను రెండడుగులు ముందుకేశాడు. సూరి మొహం మాడిపోయింది.

ఆల్థాన్, లోచో, పాడు నిద్ర

సూరి ఇల్లు ఆల్థాన్‌లో, ఊరికి దక్షిణం వైపు, కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య ఓ పాత మేడ మీద. పాప కోసం ఉయ్యాల కట్టి, రంగు కాయితాలు అంటించి ఉంచాడు. కింద గుజరాతీ ఆవిడ పంపిన పప్పులో బెల్లం. పప్పులో బెల్లమేంటండీ! ఆకలి మీద అదీ తిన్నాను, తింటూ తిట్టాను.

"నువ్వు ఊరికే కంగారు పడతన్నావు. విమానం నిండా కంప్యూటర్లే ఉంటాయి. చెరువు గట్టు చూసి దిగిపోతారా ఎవరైనా?" అన్నాడు.

"మబ్బులోంచి బయటికొచ్చాక దింపేది కళ్ళతోరా. కళ్ళకి కనపడాలనేగా ముప్పై ఏళ్ళు అక్కడ దీపాలు తుడిచాను! లేకపోతే నాకెందుకిచ్చారు జీతం?"

వాడు అటు తిరిగి పడుకున్నాడు. ఇద్దరికీ నిద్ర లేదు.

పొద్దున్నే వీధి చివర లోచో పెట్టాడు. శనగపిండి ఆవిరి మీద సగం ఉడికి ముద్దగా ఉంటుంది, మీద వెన్న, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ, నిమ్మకాయ. ప్లేటు యాభై. లోచో అంటేనే గందరగోళమట, ఎప్పుడో పిండి పలచనై పాడైతే పారెయ్యకుండా అమ్మేశారట, ఊరంతా ఎగబడి తిందట. చేసిన తప్పుకి పేరు పెట్టి అమ్ముకునే ఊరు అనుకున్నాను. కానీ అబద్ధమెందుకు, రెండో ప్లేటు కూడా తిన్నాను.

గట్టు మీద

చెరువులకి వెళ్ళడానికి ఆటో పిలిస్తే, నా తిట్లు విని డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "ఏంది సార్, పొద్దుగాలనే గిట్ల గరమైతున్నరు? మనోళ్ళేనా?" మల్లేశం అట, జగిత్యాల దిక్కు మనిషి. పాండేసరలో బట్టలకి రంగులేసే మిల్లులో పదేళ్ళు చేసి, ఊపిరి ఆడక ఆటో కొనుక్కున్నాడు. ఆ రోజంతా మమ్మల్ని విడిచిపెట్టలేదు.

రెండు వరసల చెరువులు, మధ్యలో సముద్రపు పాయ నుంచి నీళ్ళు తెచ్చే పొడుగాటి కాలవ, కాలవకి రెండు వైపులా గట్లు. గట్టు నుంచి గట్టుకి నలభై అయిదు మీటర్లుంటుంది, సరిగ్గా రన్‌వే వెడల్పు. కాలవ నీళ్ళే పైనుంచి తారు రోడ్డులా మెరిశాయి. స్తంభం నుంచి స్తంభానికి అడుగులేసి చూశాను. అరవై మీటర్లు. ఇంకోటి. అరవై. తాడు పట్టినట్టు వరస. నలభై స్తంభాల్లో ఒక్కటంటే ఒక్కటి పక్కకి జరగలేదు. ఆఖర్న ఎర్రవి ఎందుకని అడిగితే, ట్రాక్టర్ కాలవలో పడకుండా అన్నాడు. గేటు దగ్గర ఆకుపచ్చవి?

"అందంగా ఉంటాయని. మన దగ్గర అలాగే ఉండేవి గదా మావయ్యా."

ఇంకెవడైనా అయితే దొంగల భయానికి ఎక్కడ పడితే అక్కడ నాలుగు బల్బులు వేలాడదీసేవాడు. వీడికి దీపాలు పెట్టడమంటే ఒక్కటే పద్ధతి తెలుసు. ఆ పద్ధతి నేర్పింది ఎవరు? నాకు ఒళ్ళంతా మండిపోయింది, ఎవడి మీదో తెలీకుండా.

"సూరీ, ఇవాళేం వారం?"

"బుధవారం."

"సాయంత్రం అదే టైముకి అదే విమానం వస్తుంది. అందులో ఎవరున్నారు?"

వాడు గట్టు మీద చతికిలబడ్డాడు. "ఎడమవైపు కిటికీ తీసుకోమని పద్మకి కూడా చెప్పాను మావయ్యా. పాపకి చూపించమన్నాను" అన్నాడు. గబుక్కున ఫోన్ తీశాడు. "ఎక్కొద్దని చెప్తాను. రైల్లో రమ్మంటాను."

ఫోన్ లాక్కున్నాను. "నీ పెళ్ళాన్ని దింపేస్తావు సరే. మిగతా సీట్లలో ఉన్నవాళ్ళవి పిల్లలు కారా? ఫోన్ ఇచ్చేస్తాను, ముందు దీపాలు ఆర్పు!"

ఆర్పడానికి లేదు. నీళ్ళు చిలికే చక్రాలు, ఏరేటర్లంటారు, అవీ దీపాలూ ఒకే లైను మీదున్నాయి. లైను ఆపితే చక్రాలు ఆగుతాయి. ఆ మబ్బు రోజున గంట ఆగితే చాలు, రొయ్య ఊపిరాడక చచ్చి తేలిపోతుంది. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మేది, ఎల్లుండే. కొత్త లైను లాగాలంటే ఒక రోజు పడుతుంది. బల్బులు ఊడదీద్దామంటే నీళ్ళు దిగకుండా సీలు బిగించేశాడు. అది కూడా నేను నేర్పిందే, ఏడిసినట్టుంది.

సేఠ్ ధన్‌సుఖ్ భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. తెల్ల బట్టలు, నోట్లో వక్కపలుకులు. సూరి హిందీలో అంతా చెప్పాడు. ఆయన నవ్వాడు. "ఇన్నేళ్ళుగా విమానాలు దిగుతున్నాయి. ఒక్కటైనా నా చెరువులో పడిందా?" అన్నాడు.

"పడ్డాక అడగడానికి నువ్వుండవు సేఠ్!" అన్నాను నాకొచ్చిన ముక్కల హిందీలో. దీపాలు లేకపోతే ఆయన రొయ్యల్ని దొంగలెత్తుకుపోతారట, ఎల్లుండిదాకా ఒక్క దీపం మీద చెయ్యి పడితే సూరి మూటాముల్లె సర్దుకోవాలట. చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు. అసలు అరిచినందుకు నాకే సిగ్గెయ్యాలన్నట్టు చూశాడు మహానుభావుడు.

అక్కణ్ణించి విమానాలకి సంబంధించిన ఒక ఆఫీసుకి పోయాను, ఏ ఆఫీసో పేరు రాయను. కుర్చీలో ఉన్న కుర్రాడు మర్యాదగానే విన్నాడు. కాయితం మీద రాసిమ్మన్నాడు. రాశాను, బొమ్మ కూడా గీశాను. పెద్దసారు రేపు పొద్దున్న వస్తారు, చూపిస్తాను అన్నాడు.

"విమానం ఇవాళ సాయంత్రం వస్తుంది బాబూ."

"పైకి చెప్తాను అంకుల్" అన్నాడు. చెప్పాడో లేదో ఇప్పటికీ తెలీదు.

పాండేసర

ఆర్పలేకపోతే కప్పెయ్యాలి. చెరువు దగ్గర ఖాళీ మేత సంచులు గుట్టలుగా ఉన్నాయి. తెల్లవి. సెల్‌ఫోన్ లైటు మీద ఒకటి కప్పి చూశాను, సంచి మొత్తం వెలిగింది. ఇంతకంటే పెద్ద దీపం అయ్యింది, ఏం లాభం!

"నల్లగుడ్డ గావాలె గదా? సూరత్‌ల గుడ్డకు కరువా సార్, కూసోండి" అన్నాడు మల్లేశం.

మిల్లులో పాడైన ముక్కల్ని ఇక్కడ చిందీ అంటారు, కిలోల లెక్కన అమ్ముతారు. మల్లేశం అన్న ఇంకా ఆ మిల్లులోనే ఉన్నాడు. షిఫ్టు మారితే గానీ బయటికి రాడు. అందాకా పక్కనే ఓ తెలంగాణ ఆవిడ మెస్సులో కూచున్నాం. జొన్నరొట్టె, కోడిగుడ్డు పులుసు, డెబ్బై రూపాయలు. ఇల్లు వదిలాక మొదటిసారి నాలిక్కి కారం తగిలింది. రోడ్డు నిండా సైకిళ్ళు, డ్యూటీ దిగి నడిచొచ్చే జనం. ఒకడి చేతులు నీలం, ఒకడివి ఎరుపు. గాలి పీలిస్తే గొంతు గీరుకుపోతోంది. ఇక్కడ పదేళ్ళు ఎలా పనిచేశావయ్యా అని మల్లేశాన్ని అడిగాను.

"అలవాటైతది సార్. పక్కోనికి దగ్గు మోపైతే గా సంగతి యాదికొస్తది, అంతే."

ముద్ద ముద్దకీ సూరిని తిడుతూనే ఉన్నాను. వాడు తలెత్తకుండా తింటున్నాడు. మల్లేశం నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. గీ పని ఆనికి నేర్పింది మీరే గదా. యాడ పెట్టాలె, యాడ పెట్టొద్దు, గది గూడ చెప్పిన్రా?"

చెప్పలేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. విమానాశ్రయం బయట అలాంటి వరస ఎవడైనా పెడతాడని నాకు తోచందే! "జర జల్ది కానీ, నీ అన్న ఎప్పుడొస్తాడు?" అని కసిరాను, ఆయన యాసలోనే. ఆయన నవ్వాడు.

అన్న నాలుగున్నరకి వచ్చాడు. నల్లరంగు సరిగ్గా పట్టక పారేసిన గుడ్డ, రెండు మూటలు. డబ్బు తీసుకోలేదు. "చిన్నపోరి వస్తున్నదట గదా, గా పైసలు ఉయ్యాలల ఎయ్యుండ్రి" అని సూరి భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు.

బుధవారం సాయంత్రం

గట్టు మీదికి వచ్చేసరికి అయిదున్నర దాటింది, సన్నగా తుంపర. ఒక గట్టు నాది, మల్లేశానిది. అవతల గట్టు సూరిది, ఇద్దరు చెరువు కూలీలది. నిచ్చెన వెయ్యడం, గుడ్డ మూడు మడతలు పెట్టడం, దీపం మీద ముసుగులా దించి పురికొసతో బిగించడం. బురదలో నిచ్చెన జారుతోంది. ఏడో స్తంభం దగ్గర నేను నిచ్చెనతో సహా మేత బస్తాల మీద పడ్డాను. నడుం ఇప్పటికీ పట్టేసే ఉంది.

ఆరుంబావుకి వెలుతురు తగ్గగానే, ఏ దీపంలో ఉన్న సెన్సర్ ఆ దీపాన్ని వెలిగించి, అన్నీ భగ్గుమన్నాయి. ముసుగులు వేసినవి చీకటిగా ఉన్నాయి, వెయ్యనివి బారుగా, ముత్యాల్లా, ఎంత ముచ్చటగా ఉన్నాయో! అంత చక్కటి పని చూసి నేను తిట్టుకుంటూ పరిగెత్తాను.

సేఠ్ వాచ్‌మన్ ఫోన్ చేసినట్టున్నాడు, స్కూటర్ వచ్చింది. "బంద్ కరో! బంద్ కరో!" అని అరుస్తూ ధన్‌సుఖ్ భాయ్ గట్టెక్కాడు. సూరి నిచ్చెన దిగలేదు. పై నుంచే గట్టిగా, "సేఠ్, మేరీ బేటీ ఆ రహీ హై" అన్నాడు. నా కూతురు వస్తోంది, అంతే. ఉద్యోగం పీకేస్తానన్నాడు సేఠ్. పీకెయ్ అన్నాడు సూరి, ముడి బిగిస్తూ. నేనెంత తిట్టినా గట్టిగా ఎదురు చెప్పనివాడు.

అంతలో పడమర మబ్బుల్లో విమానం దీపం కనపడింది. సేఠ్ అటు చూశాడు, వెలుగుతున్న స్తంభాల వైపు చూశాడు. ఏమనుకున్నాడో, గేటు దగ్గరికి నడిచి వెళ్ళి మూట విప్పి, మిగిలిపోయిన ఆకుపచ్చ దీపం మీద గుడ్డ పట్టుకున్నాడు. కట్టడం రాలేదు. పట్టుకునే నిలబడ్డాడు.

చివరి ఎర్రదీపానికి పురికొస లేదు. నా కండువా చుట్టేశాను.

చక్రాలు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. విమానం వంపు తిరిగింది, మా వైపు దిగుతున్నట్టే అనిపించింది. అవతల గట్టు పని ముగించి వచ్చిన సూరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. విమానం మమ్మల్ని పక్కన వదిలేసి, అవతల ఉన్న అసలు రన్‌వే మీదికి సూటిగా, నింపాదిగా దిగిపోయింది. మల్లేశం బురదలోనే కూలబడి బీడీ వెలిగించాడు.

బయటికొచ్చే గేటు

ఆటోలో పరిగెత్తాం. పద్మ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది, పాప అమ్మమ్మ చేతుల్లో నిద్రపోతోంది. సూరి చేతులు చాచి ముందుకెళ్ళాడు. పద్మ అడ్డం నిలబడింది.

"ఏంటండీ ఆ చేతులు? ముట్టుకోకండి దాన్ని!"

మోచేతుల దాకా నలుపు. వానకి గుడ్డల రంగు కారిపోయింది. నావీ అంతే. చొక్కాలంతా బురద. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి పాప మొహం చూశాడు.

ఇక్కడే చెప్పేస్తాను. ఉద్యోగం పోలేదు. ఆ రాత్రి దొంగలూ రాలేదు. మర్నాడు ఆ దీపాలన్నీ పీకించి, గట్టు కాలిదారి మీదికి మూతి పెట్టిన చిన్న పసుపు బల్బులు నేనే దగ్గరుండి పెట్టించాను, కావాలని వంకరటింకరగా. ఆఫీసు వాళ్ళు వచ్చి చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు నేను కుడివైపు కిటికీ తీసుకున్నాను. ముందు వరసలో ఒకడు దిగేటప్పుడు ఫోన్ మాట్లాడుతుంటే వాడినీ నాలుగు తిట్టాను.

గేటు దగ్గర పద్మ ఇంకా మూతి ముడుచుకునే ఉంది.

"ఎడమవైపు కిటికీ కావాలని గొడవపడి మరీ తీసుకున్నాను. పాపని ఎత్తి పట్టుకుని దారి పొడుగునా చూస్తానే ఉన్నాను. మీ దీపాలు ఒక్కటీ కనపళ్ళేదు. అన్నీ కోతలే!" అంది సూరితో.

సూరి నా వైపు చూశాడు. నేను ముందుకొచ్చాను.

"సరిగ్గా చూశావా అమ్మా? ఒక్కటి కూడా లేదా?"

"ఒక్కటీ లేదు బాబాయిగారూ. అటంతా చిమ్మచీకటి."

సూరి అక్కడే, అంతమంది జనంలో, నల్లటి చేతుల్తో మొహం కప్పుకుని ఏడిచాడు. పద్మకి ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. "పదమ్మా, ఆటో ఆగి ఉంది" అని సంచి అందుకున్నాను.